నియమం పుట్టించిన కళ: యూదుల రోజువారీ జీవితంలో అక్షరం, వస్తువు, మాట

క్లుప్తంగా: విగ్రహాలు నిషిద్ధం కాబట్టి యూదులకు బొమ్మల కళ లేదనీ, యూదుల భాష అంటే హీబ్రూ ఒక్కటేననీ తెలుగు రాతల్లో తరచూ కనిపిస్తుంది. రెండూ సరికావు. యూదుల కళ ఎక్కువగా ఇంట్లో వాడే వస్తువుల మీద పెరిగింది. వాళ్ల మాట ఊరిని బట్టి మారింది, లిపి మాత్రం చాలాచోట్ల మారలేదు. రెండింటినీ నడిపింది రోజూ పాటించే నియమమే. ఆ నియమం వస్తువునూ మాటనూ ఎలా తయారుచేస్తుందో, అది ఆగినచోట అవి ఏమవుతాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

తలుపు దగ్గర 713 అక్షరాలు

సంప్రదాయం పాటించే యూదు కుటుంబం ఉండే ఇల్లు తలుపు దగ్గరే తెలిసిపోతుంది. లోపలికి అడుగుపెట్టేవారి కుడిచేతి వైపు, ద్వారబంధాన్ని మూడు వంతులు చేస్తే పై వంతు మొదలయ్యే చోట, అరచేతి పొడవున సన్నటి డబ్బా ఒకటి బిగించి ఉంటుంది. దాని పేరు మెజూజా. హీబ్రూలో ఆ మాటకు అసలు అర్థం ద్వారబంధమే. చెక్క, ఇత్తడి, వెండి, గాజు, ప్లాస్టిక్కు, దేంతో చేసినా అభ్యంతరం లేదు. చాలావాటి మీద మూడు కొమ్ములు పైకి లేచినట్టుండే ‘షిన్’ అనే అక్షరం ఒక్కటే ఉంటుంది. వెళ్తూ వస్తూ దాన్ని వేళ్లతో తాకి, ఆ వేళ్లను ముద్దు పెట్టుకోవడం చాలామందికి అలవాటు.

దీని మూలం తెలుగు బైబిలు చదివేవారికి తెలిసిందే. ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలో ‘ఇశ్రాయేలూ వినుము’ అని మొదలయ్యే భాగం, ఆ మాటలను ఇంటి ద్వారబంధాల మీద, గవునుల మీద రాయమంటుంది. ఆ మాటను యూదులు అక్షరాలా తీసుకున్నారు. మన ఇళ్లలో గడపకు పసుపు రాసి బొట్లు పెట్టినట్టే ఇదీ గుమ్మానికి చేసే మర్యాద అనిపిస్తుంది. తేడా ఏమిటంటే, ఇక్కడ గుమ్మం మీదికి ఎక్కింది రంగో ఆకో కాదు, రాత.

డబ్బా ఎంత అందంగా ఉన్నా మత నియమం ప్రకారం దానికి విలువ లేదు. విలువంతా లోపల చుట్టి పెట్టిన తోలు చీటీది. ద్వితీయోపదేశకాండంలోని రెండు భాగాలు, 22 వరుసల్లో, 713 అక్షరాలు. దాన్ని ‘సోఫెర్’ అనే శిక్షణ పొందిన లేఖకుడు ఈక కలంతోనో రెల్లు కలంతోనో నల్లసిరాతో రాయాలి. అచ్చు వేసింది చెల్లదు. ఏ అక్షరమూ పక్క అక్షరానికి తగలకూడదు. ప్రతిదాని చుట్టూ ఖాళీ తోలు కనిపించాలి. అక్షరాలను వరుస తప్పకుండా రాయాలి. మధ్యలో ఒకటి వదిలేసినట్టు చివర్లో తెలిస్తే, వెనక్కి వెళ్లి ఇరికించే వీల్లేదు, ఆ చీటీ పనికిరాదు. సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనామందిరంలో, చదివే తోరా (బైబిలు మొదటి ఐదు కాండాలు) చుట్టలో 3,04,805 అక్షరాలుంటాయి. అందులో దిద్దుబాటుకు కొంత వెసులుబాటు ఉంది గానీ, దేవుడి పేరు రాసినచోట చెరపడానికి మాత్రం లేదు. ఒక చుట్ట పూర్తికావడానికి సుమారు ఏడాది పడుతుంది.

మెజూజాను నిటారుగా పెట్టాలా, అడ్డంగా పెట్టాలా అన్న వాదం మధ్యయుగాల నాటిది. 11వ శతాబ్దపు ఫ్రాన్సు పండితుడు రాషీ నిలువుగా అన్నాడు. ఆయన మనవడు రబ్బేను తామ్ అడ్డంగా అన్నాడు. తూర్పు, మధ్య యూరప్ యూదుల ఇళ్లలో అది ఏటవాలుగా ఉండడానికి కారణం ఇదే: తాత మాటా పోకూడదు, మనవడి మాటా పోకూడదు. చర్చను తేల్చకుండా రెండు పక్షాలనూ వస్తువులోనే కూర్చోబెట్టడం ఈ సంప్రదాయంలో ఇంకా చాలాచోట్ల కనిపిస్తుంది.

‘విగ్రహం వద్దు’ అంటే బొమ్మే వద్దనా?

నిర్గమకాండం 20వ అధ్యాయంలోని రెండో ఆజ్ఞ విగ్రహం చేయవద్దు, దానికి మొక్కవద్దు అంటుంది. దీన్ని ఎంత గట్టిగా తీసుకోవాలన్నది కాలాన్ని బట్టీ చోటును బట్టీ మారుతూ వచ్చింది. సిరియాలోని దూరా యూరోపోస్‌లో 1932లో బయటపడిన సినగాగ్ గోడల నిండా బైబిలు కథల బొమ్మలే. అవి క్రీ.శ. 244-245 ప్రాంతానివి. పారశీకుల ముట్టడికి భయపడి ఊరి గోడను మట్టితో బలపరచినప్పుడు ఆ మందిరం కూడా మట్టి కింద కప్పబడిపోయింది, అందుకే రంగులు మిగిలాయి. ఉత్తర ఇజ్రాయెల్‌లోని బేత్ ఆల్ఫా దగ్గర 1928లో సాగునీటి కాలువ తవ్వుతుంటే ఆరో శతాబ్దపు సినగాగ్ నేల బయటపడింది. ఆ రంగురాళ్ల నేల మీద పన్నెండు రాశులు, నడుమ రథమెక్కిన సూర్యుడు. మన సూర్యుడికి ఏడు గుర్రాలైతే ఆయనకు నాలుగు. ప్రతి రాశి పక్కనా దాని పేరు హీబ్రూలో ఉంది.

అలాగని సంకోచం లేదనీ కాదు. 1300 ప్రాంతంలో దక్షిణ జర్మనీలో తయారైన ఒక పస్కా పండుగ పుస్తకంలో చాలామంది మనుషులకు పక్షి తలలు వేశారు. మోషే భుజాల పైన ముక్కు. ఎందుకలా వేశారన్న దానిపై పండితులు ఇప్పటికీ ఒక మాట మీద లేరు. మనిషి ముఖం గీయడానికి జంకారన్నది ఒక వాదన.

నిషేధం బొమ్మలను పూర్తిగా ఆపలేకపోయింది గానీ కళ దృష్టిని మళ్లించింది. మళ్లించిన దారి పేరు ‘హిద్దూర్ మిత్స్‌వా’, అంటే చేయవలసిన విధిని అందంగా చేయడం. యూదుల ప్రాచీన ధర్మచర్చల గ్రంథం తాల్ముద్ దీన్ని జాబితాగానే చెబుతుంది: పందిరి వేస్తే అందమైన పందిరి, కొమ్ము ఊదితే అందమైన కొమ్ము, చుట్ట రాయిస్తే మంచి సిరాతో, మంచి కలంతో, నేర్పున్న లేఖకుడితో రాయించి మేలైన పట్టు చుట్టమంటుంది. మరోచోట ఖర్చుకు హద్దు కూడా పెట్టింది: అందం కోసం మూడో వంతు దాకా అదనంగా పెట్టవచ్చు. పర్ణశాలల పండుగకు కొనే ‘ఎత్రోగ్’ అనే మాదీఫలం 90 రూపాయలదైనా సరిపోతుందనుకుంటే, ఇంకా చక్కగా ఉన్నదానికి 120 దాకా పెట్టవచ్చన్నమాట. ఆ మూడో వంతును ఎలా లెక్కకట్టాలన్న దాని మీద కూడా తాల్ముద్‌లో ప్రశ్న ఉంది, అది వేరే సంగతి.

ఈ ఒక్క సూత్రం నుంచి ఎంత తేలుతుందో చూడాలి. అందం దానికదే లక్ష్యం కాదు, ఏదో ఒక పనికి తోడుగా రావాలి. కాబట్టి కళ చేరవలసిన చోటు గోడకు తగిలించే పటం కన్నా గిన్నె, గుడ్డ, దీపం, పత్రం. పైగా మధ్యయుగాల జర్మన్ నగరాల్లో చేతివృత్తుల సంఘాలు యూదులను చేర్చుకోలేదు. అందువల్ల యూదుల వెండి సామాను చాలావరకు క్రైస్తవ కంసాలుల చేతిలో తయారైంది. శనివారం రాత్రి వాడే సుగంధద్రవ్యాల డబ్బా జర్మనీలో గోతిక్ గోపురం ఆకారంలో ఉండడంలో వింతేమీ లేదు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో పెళ్లి పత్రం మీద సింహం వెనక సూర్యుడు ఉదయిస్తాడు, ఆ దేశపు చిహ్నంలాగే. ఇటలీలో అదే పత్రం చుట్టూ పాలరాతి స్తంభాలు, పూలదండలు. ‘యూదు శైలి’ అంటూ ఒకటి వెతికితే దొరకదు. శైలి ఊరిది, పని యూదులది.

ఆ పెళ్లి పత్రాన్నే ‘కెతుబా’ అంటారు. విడిపోతే, చనిపోతే భార్యకు ఎంత ముట్టాలో భర్త రాసిచ్చే హామీ అది. భాష హీబ్రూ కాదు, అరమాయిక్. రెండు వేల ఏళ్ల కింద అది ఇంట్లో మాట్లాడుకునే భాష. ఒప్పందం అందరికీ అర్థం కావాలన్న ఉద్దేశంతోనే అలా రాశారు. ఇప్పుడు ఆ భాష పెళ్లిపందిట్లో దాదాపు ఎవరికీ రాదు, చదివేది మాత్రం అందులోనే. వాడుక మాట పాతబడితే పవిత్రమైపోతుంది. గ్రాంథికానికి ప్రాణం పోసే రహస్యం ఎక్కడైనా ఇదేనేమో.

ఆరు కోణాల నక్షత్రం గురించి ఒక మాట. ఢిల్లీలో హుమాయూన్ సమాధి మీదా, మన యంత్రాల్లో షట్కోణంగానూ అది కనిపిస్తే యూదు సంబంధం ఊహించనక్కర్లేదు. యూదుల పాత గుర్తు ఏడు కొమ్మల దీపస్తంభం, మెనోరా. నక్షత్రం యూదులందరి గుర్తుగా స్థిరపడింది ఆధునిక కాలంలోనే.

శుక్రవారం సాయంత్రం ఒక గిన్నెలో

నియమం నుంచి వస్తువు, వస్తువు నుంచి మాట ఎలా పుడతాయో చూడాలంటే షబ్బత్‌ను మించిన ఉదాహరణ లేదు. తెలుగు బైబిలు దీన్నే విశ్రాంతిదినం అంటుంది. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటిపడి మూడు చుక్కలు కనిపించేదాకా పని చేయరాదు. పని అంటే ఏమిటి? పండితులు 39 రకాల పనులను లెక్కపెట్టారు. దున్నడం, విత్తడం, నేయడం, నిప్పు రాజేయడం, నిప్పు ఆర్పడం, వండడం, ఇంట్లోంచి వీధిలోకి మోయడం ఇందులో ఉన్నాయి. రాయడం కూడా ఉంది. రెండక్షరాలు రాస్తే చాలు, పని చేసినట్టే. అక్షరాన్ని ఇంతగా నెత్తిన పెట్టుకున్నవాళ్లు వారంలో ఒకరోజు అక్షరం రాయరు.

నిప్పు రాజేయకూడదు కాబట్టి దీపం ముందే వెలిగించాలి. చాలాచోట్ల సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు, కనీసం రెండు కొవ్వొత్తులు, ఎక్కువగా ఇంటి ఇల్లాలే వెలిగిస్తుంది. అలా కొవ్వొత్తి స్తంభాల జత ఇంటికి ముఖ్యమైన సామాను అయింది. వలసపోతూ పరుపులో చుట్టుకుని తీసుకెళ్లేంత ముఖ్యం. బల్ల మీద జడలా అల్లి కాల్చిన రెండు ‘హల్లా’ రొట్టెలు, వాటి మీద కుట్టుపని చేసిన గుడ్డ, ద్రాక్షరసానికి వెండి గ్లాసు. రొట్టెలు రెండెందుకంటే, అరణ్యంలో ఆకాశం నుంచి ఆహారంగా పడే మన్నా ఆరో రోజున రెండింతలు కురిసిందన్న బైబిలు కథకు గుర్తు.

అసలు చిక్కు శనివారం మధ్యాహ్న భోజనంతో. వేడి వేడిగా తినాలి, కానీ ఆ రోజు వండకూడదు. పరిష్కారం: శుక్రవారం సాయంత్రంలోపు గిన్నె ఎక్కించి, తెల్లవార్లూ సన్నసెగ మీద వదిలేయడం. పోలెండు, లిథువేనియా ఊళ్లలో చిక్కుడుగింజలు, బార్లీ, బంగాళాదుంప, మాంసం వేసిన కుండకు మూత బిగించి రొట్టెలు కాల్చేవాడి పొయ్యికి పంపేవారు. శనివారం మధ్యాహ్నం ఎవరి కుండ వారు తెచ్చుకునేవారు. దీన్నే ‘చోలెంట్’ అంటారు. మొరాకోలో ఇదే పని శనగలూ గోధుమలూ గుడ్లతో జరిగింది, పేరు దాఫీనా. బాగ్దాద్‌లో కోడిలో బియ్యం కూరి రాత్రంతా మగ్గబెట్టారు. ఆ బాగ్దాదీ కుటుంబాలు వ్యాపారం మీద కోల్‌కతా చేరినప్పుడు వంటకం కూడా వెంట వచ్చింది. ఒకే నియమం, ఊరికో కుండ. ‘యూదుల వంట’ ఏదని అడిగితే ఒక వంటకం పేరు చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

శనివారం రాత్రి ‘హవ్‌దలా’తో ముగింపు. ద్రాక్షరసం, లవంగం లాంటి సుగంధద్రవ్యాల వాసన, అనేక వత్తులు పెనవేసిన కొవ్వొత్తి. చేతులు ఆ వెలుగులో పెట్టి గోళ్ల మీద మెరుపు చూసుకుంటారు. వెలిగించిన నిప్పును ఊరికే వదలకూడదు, దాన్ని వాడుకోవాలి. అందుకే ఆ చూపు.

కొత్త యంత్రాలు వచ్చినా లెక్క మారలేదు. కరెంటు స్విచ్ వేయకుండా టైమర్లు, ముందురోజే వేడెక్కి అలాగే ఉండే పళ్లేలు, బటన్ నొక్కకుండా ప్రతి అంతస్తులో తనంతట ఆగే లిఫ్టులు వచ్చాయి. బయటివారికి ఇది నియమాన్ని దాటవేసే ఉపాయంలా కనిపించవచ్చు. లోపలివారు దాన్ని నియమానికి లోబడి బతకడంగా చూస్తారు. వంటింట్లోనూ ఇదే తీరు. మాంసం, పాలు కలపరాదు కాబట్టి గిన్నెలు, గరిటెలు రెండు జతలు. రెండూ కానిదానికి తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లో ‘పారెవ్’ అని పేరు. ఈ కోషర్ (నియమం ప్రకారం తినదగినది) లెక్క తెలుగిళ్లకు తెలియకుండానే చేరింది. కిరాణా కొట్లో దొరికే కొన్ని ప్యాకెట్ల మీద శాకాహారపు ఆకుపచ్చ చుక్కకు కాస్త దూరంలో, వలయంలో ఇంగ్లీషు ‘యు’ అక్షరం ఉంటుంది. అమెరికాలోని ఒక యూదు సంస్థ ఇచ్చే కోషర్ ముద్ర అది.

చదివింపుల లెక్క కూడా దగ్గరిదే. మనం 116, 1,116 అని రాయిస్తే, వాళ్లు 18, 36, 180 అని ఇస్తారు. హీబ్రూలో అంకెలకు అక్షరాలే వాడేవారు. ‘హై’, అంటే జీవం, అన్న మాటలోని రెండక్షరాల విలువ 8, 10. కలిపితే 18. అదే పద్ధతిలో 15, 16 రాయవలసి వస్తే 10+5, 10+6 అని రాయరు, 9+6, 9+7 అంటారు. మామూలుగా రాస్తే దేవుడి పేరులోని అక్షరాలు పడతాయని.

ఒక లిపి, ఎన్నో మాటలు

హీబ్రూ ఇంట్లో మాట్లాడే భాషగా క్రీ.శ. రెండో శతాబ్దం నాటికి దాదాపు ఆగిపోయింది. ఆ తర్వాత యూదులు ఎక్కడ స్థిరపడితే అక్కడి మాట మాట్లాడారు. అయితే మగపిల్లలకు పసితనంలోనే ప్రార్థనల కోసం హీబ్రూ అక్షరాలు నేర్పేవారు. చేతికి అలవాటైన లిపి అదొక్కటే. కాబట్టి ఉత్తరం రాసినా, పద్దు రాసినా ఊరి మాటను ఆ లిపిలోనే రాశారు. కేరళలో మాప్పిళ ముస్లింలు మలయాళాన్ని అరబ్బీ లిపిలో రాసుకున్నదీ ఇలాగే. జర్మన్ రైన్ నది ఒడ్డున వెయ్యేళ్ల కింద మొదలైన మాట యిడ్డిష్ అయింది. 1492లో స్పెయిన్ నుంచి వెళ్లగొట్టినవారు తమ స్పానిష్‌ను ఇస్తాంబుల్‌కు, ఇప్పటి గ్రీసులోని సలోనికాకు తీసుకెళితే అది లదీనో అయింది. కైరో, బాగ్దాద్‌లలో యూదు అరబ్బీ ఉండేది.

యిడ్డిష్ ఎలా కూడిందో చూపడానికి భాషావేత్తలు తరచూ ఒక వాక్యం చెబుతారు: ‘ది బోబె ఎస్ట్ చోలెంట్ అఫ్ షబెస్’. అవ్వ షబ్బత్ రోజు చోలెంట్ తింటుంది అని అర్థం. ‘బోబె’ (అవ్వ) స్లావిక్ మాట. ‘ఎస్ట్’ (తింటుంది) జర్మన్. ‘చోలెంట్’ పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. ‘షబెస్’ హీబ్రూ. ఆ యూదులు ఏయే ఊళ్ల మీదుగా నడిచారో అవ్వ భోజనంలోనే ఉంది. తెలుగుకూ ఇది కొత్త కాదు. ‘సండే బజారుకెళ్లి కుర్చీ కొన్నాం’ అంటే అందులో ఇంగ్లీషు, పారశీకం, అరబ్బీ వరుసగా నిలబడ్డాయి. వాక్యాన్ని మాత్రం తెలుగు క్రియ నడుపుతుంది, అక్కడ జర్మన్ క్రియ నడిపినట్టు.

లిపిలోనూ మెలిక ఉంది. హీబ్రూ రాతలో అచ్చులు సాధారణంగా రాయరు. యిడ్డిష్ రాసేవారు ‘ఆలెఫ్’, ‘ఐన్’ లాంటి అక్షరాలను అచ్చులుగా మార్చుకున్నారు. కానీ హీబ్రూ నుంచి వచ్చిన మాటలను మాత్రం పాత పద్ధతిలోనే, అచ్చులు లేకుండా ఉంచారు. కాబట్టి ‘షబెస్’ రాతలో ష-బ-త అనే మూడు అక్షరాలే. పలుకు యూరప్‌ది, రాత బైబిలుది. సోవియట్ ప్రభుత్వం 1920లలో దీన్ని మార్చింది. హీబ్రూ మాటలను కూడా పలికినట్టే, అచ్చులతో రాయమంది. పైకి చూస్తే పిల్లలకు చదువు సులువు చేసే సంస్కరణ. ఫలితం మాత్రం వేరు: చదువుకున్న పిల్లవాడికి షబెస్ అనే మాట ప్రార్థన పుస్తకంలో ఎదురైతే గుర్తుపట్టలేడు. మతం నుంచి భాషను విడదీయడానికి బడిలో వర్ణక్రమం మార్చడం చాలింది.

యూదులలోనే యిడ్డిష్‌కు మర్యాద తక్కువ. చదువుకున్నవారు దాన్ని ‘జార్గన్’ అని ఈసడించారు. హీబ్రూ ‘లోష్న్ కోయ్‌దెష్’, పవిత్ర భాష. యిడ్డిష్ ‘మామె లోష్న్’, అమ్మ భాష. ఆడవాళ్లకు, హీబ్రూ రాని మగవాళ్లకు ప్రార్థనలు, బైబిలు కథలు యిడ్డిష్‌లోనే అచ్చయ్యాయి. తెలుగునాట వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి వాదన మొదలవుతున్న రోజుల్లోనే, 1908లో చెర్నోవిత్స్ అనే ఊళ్లో రచయితలు, పండితులు చేరి యిడ్డిష్ యూదు జాతి భాషల్లో ఒకటని తీర్మానించారు. ‘ఒకటి’ అనాలా, ‘అదే’ అనాలా అన్న దాని మీదే వాగ్వాదమంతా జరిగింది.

రాసిన కాగితాన్ని పారేయకపోవడం ఇంకో నియమం. దేవుడి పేరు ఉండవచ్చన్న జంకుతో పాత రాతలను ‘గెనీజా’ అనే గదిలో పడేసేవారు. కైరోలోని బెన్ ఎజ్రా సినగాగ్ గెనీజా నుంచి 1896-97లో పండితుడు సాలమన్ షెఖ్టర్ కేంబ్రిడ్జికి తీసుకెళ్లిన ముక్కలే లక్షన్నరకు పైగా ఉన్నాయి. ప్రార్థనలతో పాటు అంగడి పద్దులు, పిల్లలు అక్షరాలు దిద్దిన కాగితాలు, భార్యాభర్తల ఉత్తరాలు బయటపడ్డాయి. మన తీరం కూడా అందులో ఉంది. ట్యునీషియా నుంచి వచ్చిన అబ్రహాం బెన్ యిజూ అనే వర్తకుడు 1130, 40లలో మంగళూరులో ఉండి ఇత్తడి, కంచు సామాను చేయించి యెమెన్‌లోని ఏడెన్ రేవుకు పంపాడు. అక్కడి మిత్రుడు అతనికి తిరుగు ఓడలో కాగితం, చక్కెర, ఎండుద్రాక్ష పంపేవాడు. ఉత్తరాల భాష అరబ్బీ, లిపి హీబ్రూ. తాటాకు మీద రాసే దేశంలో ఉండి కూడా అతను కాగితం తెప్పించుకున్నాడు. ఆ కాగితాలే 12వ శతాబ్దపు పడమటి తీర వ్యాపారానికి ఇవాళ సాక్ష్యం.

హీబ్రూ వీధిలోకి వచ్చినప్పుడు

హీబ్రూ చచ్చి బతికిందన్న మాట సగమే సరి. మాట్లాడటం ఆగింది గానీ ఉత్తరాలు, పద్యాలు, వ్యాపార ఒప్పందాలు రాయడం ఏనాడూ ఆగలేదు. మొరాకో వాడూ పోలెండు వాడూ కలిస్తే మధ్యలో పనికొచ్చింది అదే. 1881లో పాలస్తీనా చేరిన ఎలియేజర్ బెన్ యెహూదా దాన్ని ఇంటి భాషగా మార్చాలని పట్టుబట్టాడు. 1882లో పుట్టిన కొడుకు చెవిన వేరే భాష పడనివ్వలేదు. అయితే ఒక ఇంటి పట్టుదలతో భాష నిలబడదు. వేర్వేరు దేశాల నుంచి వచ్చి ఒకరి మాట ఒకరికి అర్థం కాని పిల్లలు చేరిన బడుల్లో అది నిలబడింది. 1913లో హైఫాలో పెట్టబోయే సాంకేతిక విద్యాలయంలో జర్మన్‌లో బోధించాలని నిర్ణయిస్తే ఉపాధ్యాయులు, విద్యార్థులు సమ్మెకు దిగారు. చివరికి హీబ్రూ నెగ్గింది. 1922లో బ్రిటిష్ పాలన ఇంగ్లీషు, అరబ్బీలతో పాటు దాన్ని అధికార భాషగా గుర్తించింది.

కొత్త మాటలు ఎలా తయారుచేశారన్నదానికి ‘హష్మల్’ మంచి ఉదాహరణ. బైబిలులో యెహెజ్కేలు ప్రవక్త దర్శనంలో దేవుడి రథం నడుమ మెరిసే ఏదో పదార్థం పేరది. ప్రాచీన గ్రీకు అనువాదకులు దాన్ని ‘ఎలెక్త్రోన్’ అన్నారు. ఎలక్ట్రిసిటీ అన్న మాట పుట్టింది అక్కడినుంచే కదా అని 19వ శతాబ్దంలో ఒక కవి హష్మల్‌ను కరెంటుకు పెట్టాడు. ఇవాళ టెల్ అవీవ్‌లో కరెంటు పోతే హష్మల్ పోయిందంటారు. దేవరథంలోని మెరుపు మీటరు బిల్లులోకి దిగింది.

ఈ గెలుపుకు మూల్యం యిడ్డిష్ చెల్లించింది. 1920లలో టెల్ అవీవ్ యువకుల దళాలు ‘హీబ్రూవాడా, హీబ్రూ మాట్లాడు’ అని నినదిస్తూ యిడ్డిష్ సభలను అడ్డుకున్నాయి. అసలు దెబ్బ మాత్రం యూరప్‌లో తగిలింది. రెండో ప్రపంచయుద్ధం ముందు యిడ్డిష్ మాట్లాడేవారు కోటికి పైగా. నాజీలు చంపిన 60 లక్షల మంది యూదుల్లో అత్యధికులు వాళ్లే. సలోనికా నుంచి 1943లో దాదాపు మొత్తం యూదులను ఆష్విట్జ్ మరణశిబిరానికి తరలించడంతో లదీనోకు అతిపెద్ద ఊరు పోయింది. సోవియట్ యూనియన్‌లో 1952 ఆగస్టు 12న యిడ్డిష్ కవులు, రచయితలు సహా 13 మందిని కాల్చి చంపారు. ఓడిన భాష మాటలు మాత్రం గెలిచిన భాషలో చేరాయి. ‘ఊఁ, తర్వాత?’ అనడానికి ఇజ్రాయెలీలు వాడే ‘ను’, విసిగించేవాడికి ‘నుద్నిక్’ యిడ్డిష్‌వి. ‘యల్లా’, ‘సబాబా’ అరబ్బీవి.

ఎవరు నిలబెడుతున్నారు?

యిడ్డిష్ ఇప్పుడు రెండు పాయలుగా ఉంది. సాహిత్యం, నాటకం, పాటల మీద ప్రేమతో విశ్వవిద్యాలయాల్లో నేర్చుకునేవారు ఒక పాయ. 2021లో డుయోలింగో అనే భాషలు నేర్పే యాప్‌లో పాఠాలు వచ్చాక వీరి సంఖ్య పెరిగే వీలుంది. ఇంట్లో ఎవరూ మాట్లాడకపోయినా ఇష్టంతో నేర్చుకునేవారు వీరు. న్యూయార్క్‌లోని విలియమ్స్‌బర్గ్, లండన్‌లోని స్టాంఫర్డ్ హిల్ లాంటి చోట్ల హసీదీలనే గట్టి కట్టుబాట్ల యూదు కుటుంబాలు రెండో పాయ. వీరికి యిడ్డిష్ కథలు, నవలలతో పెద్దగా పని లేదు. చుట్టుపక్కల లోకానికీ పిల్లలకూ మధ్య గోడగా దాన్ని వాడతారు. ఒక్కో ఇంట్లో పిల్లలు ఎక్కువ కాబట్టి ఇంట్లో మాట్లాడేవారి సంఖ్య పెరిగేది ఇక్కడే. భాషను కళగా ప్రేమించినవారి చేతిలో అది ఇంటి మాటగా నిలవకపోవడం, కళతో పనిలేనివారి చేతిలో పెరగడం వింతగా తోచవచ్చు. కానీ మెజూజా డబ్బా, చోలెంట్ కుండ చెప్పిందీ ఇదే: రోజువారీ పనికి కట్టివేసి ఉన్నదే నిలిచింది. న్యూజెర్సీలో తెలుగువాళ్లు పొద్దున్నే కొనే బేగల్ కూడా యిడ్డిష్ మాటే. అది బతికింది పొయ్యి మీద, నిఘంటువులో కాదు.

భారత్‌లోని యూదుల కథలోనూ ఈ సూత్రం పనిచేసింది. కొంకణ తీరపు బెనే ఇజ్రాయెల్‌లు మరాఠీ మాట్లాడారు. చాలాకాలం వాళ్లకు హీబ్రూ పుస్తకాలు, పండితులు లేరు. వాళ్లను గుర్తించేలా చేసింది ఒక్క అలవాటు. నూనె గానుగ ఆడించే ఆ కుటుంబాలు శనివారం గానుగ ఆపేవి. ఊరివాళ్లు ‘శనివార్ తేలీ’లు, అంటే శనివారపు తెలికులు అని పిలిచారు. వాళ్ల ‘మలీదా’ మొక్కులో పళ్లెం నిండా అటుకులు, కొబ్బరి, పళ్లు పెట్టి ఏలియా ప్రవక్తను తలుస్తారు. పళ్లెం కొంకణానిది, ప్రవక్త బైబిలువాడు.

తెలుగు మాట్లాడే యూదులమని చెప్పుకునే సమూహం కూడా ఒకటి ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలోని బెనే ఎఫ్రాయిమ్‌లు. కొద్ది పదుల కుటుంబాలు, మాదిగ కులానికి చెందినవారు. క్రైస్తవంలో ఉండి 1980లలో యూదు ఆచారాలవైపు వచ్చారు, 1990ల మొదట్లో సినగాగ్ కట్టుకున్నారు. తాము ఇశ్రాయేలు గోత్రమైన ఎఫ్రాయిము సంతతి అంటారు. ఇజ్రాయెల్ మతాధికారులు ఈ వాదనను గుర్తించలేదు. వంశం రుజువు కాని చోట ఆచారం ఎంతవరకు నిలబడుతుందన్న ప్రశ్నను వీరి ఉదాహరణ గట్టిగా అడుగుతుంది. జవాబు తేల్చాల్సిన అధికారం ఎవరిదన్నదే తెగని వివాదం.

కొచ్చిలో వ్యవహారం మరోలా సాగింది. అక్కడి ఆడవాళ్లు పెళ్లిళ్లకు, పండుగలకు పాడే మలయాళ పాటలను నోటుపుస్తకాల్లో రాసుకుని కూతుళ్లకు అందించారు. మట్టాంచేరిలో 1568లో కట్టిన పరదేశి సినగాగ్ నేల మీద చైనా నుంచి వచ్చిన నీలం తెలుపు పలకలు పరిచారు. యూరప్ ఇళ్లలో జెరూసలేం దిక్కు చూపడానికి తూర్పు గోడకు ‘మిజ్రాఖ్’ అనే అలంకార పటం తగిలిస్తారు. ఆ మాటకు అర్థమే తూర్పు. కేరళ నుంచి జెరూసలేం పడమర కాబట్టి అక్కడి మందిరాల్లో తోరా బీరువా పడమటి గోడకు ఉంటుంది. 1950లలో ఆ యూదుల్లో ఎక్కువమంది ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. ప్రార్థనకు కావలసిన పదిమంది మగవాళ్లు లేక మందిరాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. వాటిలో 16వ శతాబ్దపు కడవుంబాగం సినగాగ్ లోపలి చెక్కపనిని, రంగులు వేసిన పైకప్పుతో సహా, 1990లలో ఇజ్రాయెల్ మ్యూజియం కొని తీసుకెళ్లింది. నాలుగు వందల ఏళ్లు ఆ పైకప్పు కింద నిలబడినవాళ్లు పడమటికి తిరిగి ప్రార్థించింది జెరూసలేం వైపే. పైకప్పు ఇప్పుడు జెరూసలేంలోనే ఉంది, సందర్శకులు టికెట్టు కొని చూస్తారు.